ఏకగ్రీవం చెడిన ఊరు

మద్రాసు, తిరువల్లిక్కేణి
20 జూన్ 1946

పెదరేవులో మామయ్యగారికి సాంబమూర్తి నమస్కారాలు.

నాకు ఉద్యోగం దొరికిన సంగతి బందరు నుంచి అమ్మ రాసే ఉంటుంది. అదేం ఉద్యోగమో ఆవిడకు అర్థం కాలేదు. "ఊళ్ల మీద పడి మీదేం కులం అని అడిగే పని" అని ఇరుగుపొరుగుకు చెబుతోందట. అది అబద్ధం కాదు గాని, పూర్తిగా నిజమూ కాదు.

మా ఆచార్యులవారు లండనులో చదివి వచ్చారు. అనేక జాతులు, మతాలు, కులాలు ఒకేచోట బతుకుతున్నప్పుడు పెత్తనం ఎవరి చేతిలో ఉంటుంది, అందరి మాటకూ ఒకే విలువ ఉంటుందా అన్న విషయం మీద పెద్ద గ్రంథం రాస్తున్నారు. స్వరాజ్యం వచ్చేలోగా ఇది తేలకపోతే దేశానికి చాలా చిక్కని ఆయన అభిప్రాయం. నేను ఆయనకు సహాయకుణ్ణి. కృష్ణా డెల్టాలో ఒక ఊరు చూసిపెట్టమన్నారు. బెజవాడ అయితే ఎలా ఉంటుందన్నాను. అక్కడ రైళ్ల రొద ఎక్కువ, ఆలోచన సాగదన్నారు. అప్పుడు మన పెదరేవు చెప్పాను. కాలువ వీధిలో మన సాలెవాళ్లు, పడమటిపేటలో క్రైస్తవ నేతగాళ్లు, చెరువు వైపు నవారు నేసే దూదేకులవాళ్లు, అందరికీ కలిపి మీరు అధ్యక్షులుగా ఒక్కటే నేత సంఘం. ఇంతకంటే మంచి ఊరు దొరకదని ఆయన కూడా ఒప్పుకున్నారు.

సంఘం కమిటీలో ఎవరెవరు ఉన్నారు, నూలు ఎలా పంచుతారు, ఎవరు ఏ బావిలో నీళ్లు తోడతారు, మీటింగులో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఈ నాలుగు విషయాలూ తీరిక చేసుకుని రాయండి. ఊరు ఎలా ఉంటే అలాగే రాయండి. మా పరిశోధన ముగిశాక గవర్నమెంటుకు కూడా ఒక ప్రతి పోతుంది.

అత్తయ్యకు నమస్కారాలు. ఇక్కడి సాంబారులో బెల్లం వేస్తున్నారని ఆవిడతో చెప్పకండి, దిగులు పడుతుంది.

మీ మేనల్లుడు
సాంబమూర్తి


పెదరేవు
6 జులై 1946

చిరంజీవి సాంబమూర్తిని మామయ్య దీవించి రాస్తున్న సంగతులు.

నీ ఉత్తరం మీ అత్తయ్య వెంకటరావమ్మ రెండుసార్లు చదివించుకుని, "ఇందుకు వాడికి జీతం ఇస్తున్నారా?" అని అడిగింది. ఇస్తున్నారన్నాను. ఇంక తనకేం సందేహాలు లేవంది.

నువ్వడిగిన సమానత్వం మన ఊళ్లో కావలసినంత ఉంది. సంఘం పెట్టిన నాటి నుంచీ నేనే అధ్యక్షుణ్ణి. ప్రతిసారీ ఏకగ్రీవమే. ఒక్క చెయ్యి వ్యతిరేకంగా లేచి ఎరగదు. ఎన్నిక మీటింగు ఎప్పుడో నాకూ, మా పెదనాన్న కొడుకులిద్దరికీ, రైటరుకూ తప్ప తెలియదు గనక లేచే సావకాశం కూడా లేదనుకో. కమిటీ అంతా కాలువ వీధివాళ్లమే. పడమటిపేటవాళ్లు, దూదేకులవాళ్లు కూడా సభ్యులే. వాళ్ల వాటా ధనం మనవాళ్ల ధనంతో కలిపి ఒకే పెట్టెలో దాస్తాం, అందులో తేడా లేదు. నూలు మాత్రం ముందు కాలువ వీధికి ఇచ్చి, మిగిలితే వాళ్లకిస్తాం. ఈ కంట్రోలు వచ్చిన దగ్గర్నుంచి ఎందుకోగాని మిగలడం లేదు.

బావి సంగతి. సంఘం ఆవరణలో మా పెరటి గోడకు ఆనుకుని ఉన్న బావి అందరిదీ. మనవాళ్లు తోడుకుంటారు. పడమటిపేటవాళ్లు కాలువలో ముంచుకుంటారు. ఎవరికి అలవాటైన చోట వాళ్లు. మీటింగులో మేం బల్లల మీద కూర్చుంటాం, వాళ్లు వాకిట్లో నిలబడతారు, అక్కడైతే గాలి తగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. గవర్నమెంటుకు ప్రతి పోతుందని రాశావు. సమానత్వం ఎక్కువగా ఉన్న ఊరికి నూలు కోటా పెంచుతారా? విషయం విచారించి రాయి. బెజవాడ వెళ్లి నూలు కంట్రోలు ఆఫీసులో ఎన్నిసార్లు నిలబడ్డా లాభం లేకుండా ఉంది. పడమటిపేటలో చాలా మగ్గం గుంటల్లో కోళ్లు పొదుగుతున్నాయి. మాణిక్యం లేడూ, మంచి చేతిపని వాడు, బెజవాడ స్టేషనులో మూటలు మోస్తున్నాడట.

మామయ్య
కోటిలింగం


మద్రాసు
28 జులై 1946

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఆచార్యులవారికి వినిపించాను. "మిగిలితే ఇస్తాం" అన్నచోట ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పుస్తకానికి చాలా పనికివస్తుందన్నారు.

నూలుకూ దీనికీ సంబంధం లేదు మామయ్యగారూ. మాది శాస్త్రం. ఏ ఊళ్లో అన్ని జాతులవాళ్లకూ పాలనలో పాలుంటుందో ఆ ఊరిని దేశానికి ఆదర్శంగా చూపించాలన్నది మాత్రం ఆయన కోరిక. పరిశ్రమల శాఖలో పెద్ద ఉద్యోగి ఒకాయన ప్రతి ఆదివారం మా ఆచార్యులవారింటికి టిఫినుకు వచ్చే మాట నిజమే గాని, వాళ్లు సంగీతం గురించి తప్ప మాట్లాడుకోరు. ఆచార్యులవారు సంక్రాంతి ముందు స్వయంగా పెదరేవు వచ్చి చూస్తారు.

ఇక్కడ వాన లేదు. ఉక్క.

మీ
సాంబమూర్తి


పెదరేవు
11 సెప్టెంబరు 1946

చిరంజీవి సాంబమూర్తికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పైకి రాయలేనిది నాకు అర్థమైంది. ప్రతి ఆదివారం టిఫిను దగ్గర ఎంతసేపని సంగీతం మాట్లాడుకుంటారు? ఉత్తరంలో ఇంతకంటే విప్పి రాయడం నీ ఉద్యోగానికి మంచిది కాదు, నేనెరుగుదును. ఇంక నువ్వేం రాయకు. పని అయిపోయింది.

మా పెదనాన్న కొడుకులిద్దరినీ కమిటీలోంచి తాత్కాలికంగా తప్పించాను. సంక్రాంతి దాకా ఓపిక పట్టమంటే ముఖాలు ముడుచుకున్నారు. ఆ రెండు చోట్లా నవారు నేసే సైదుల్నీ, పడమటిపేట శౌరమ్మనీ వేశాను. శౌరమ్మ ఆ మాణిక్యం భార్యే. ముందు అతన్నే వేద్దామనుకున్నాను, మూటలు వదిలి వస్తే కూలి పోతుందన్నాడు. తరవాత ఆలోచిస్తే ఇదే నయమనిపించింది. ఆడదీ అయింది, క్రైస్తవురాలూ అయింది. ఒక్క కుర్చీతో రెండు సమానత్వాలు గడిచిపోయాయి. మిషను బడిలో చదువుకుంది గనక సంతకం కూడా పెడుతుంది. పిలిచి చెబితే, "కూర్చుంటే మాట్లాడొచ్చా బాబుగారూ?" అని అడిగింది. ఆ అవసరం రాదులెమ్మన్నాను.

సంఘం బావి అందరూ తోడుకోవచ్చని చాటింపు వేయించాను. మొదటిరోజు ఎవరూ రాలేదు. మర్నాడు శౌరమ్మ ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి తోడుకుపోయింది. అప్పటి నుంచి మీ అత్తయ్య ఆ బావి నీళ్లు ముట్టడం లేదు. రేవుకు పోయి కాలువ నీళ్లు మోసుకొస్తోంది. "ప్రొఫెసరుగారు చూసి వెళ్లేదాకానే" అని నచ్చచెప్పబోయాను. "ఆయన చూసి వెళ్లిందాకా మీకు మజ్జిగ కూడా కాలువ నీళ్లతోనే" అంది. మజ్జిగలో నాచు వాసన వస్తోంది. దేశం కోసం తాగుతున్నాను.

ఈ సంగతులన్నీ ఆచార్యులవారికి బాగా అతికేటట్టు చెప్పు.

మామయ్య


మద్రాసు
2 అక్టోబరు 1946

మామయ్యగారికి,

మీ ఉత్తరం చూసి హడలిపోయాను. ఊరు ఎలా ఉంటే అలా రాయమన్నాను గాని, మార్చమనలేదు. పరిశోధన అంటే చూడటం. మీరు మార్చేస్తే మేం చూసేదేమిటి?

అయినా తప్పు నాది కూడా. ఆచార్యులవారికి సగమే చెప్పాను. శౌరమ్మ, సైదులు కమిటీలో ఉన్నారని చెప్పాను, ఎలా వచ్చారో చెప్పలేదు. ఆయన ఆ పూటే ఒక అధ్యాయం మొదలుపెట్టి, టైపు కూడా చేయించారు. "కృష్ణా డెల్టాలో సహజంగా వికసించిన సమానత్వం" అని పేరు. పుస్తకం మీద తన పేరు కింద నా పేరు వేస్తానన్నారు. సహజంగా అన్న మాట తీసెయ్యమని చెప్పాలని నోటిదాకా వచ్చింది. నా పేరు సంగతి గుర్తొచ్చి ఆగిపోయాను.

ఆయన చాలా పెద్దమనసున్న మనిషి. ఆదివారాలు నన్ను కూడా ఇంటికి పిలుస్తారు. వాళ్లంతా హాల్లో కూర్చుని సమానత్వం గురించి చర్చిస్తుంటే నేను వరండాలో కూర్చుని రాసుకుంటాను. కాఫీ వరండాలోకే పంపిస్తారు. గ్లాసు నేనే కడిగి గట్టు మీద పెడతాను. అక్కడ గాలి బాగా వస్తుంది.

దయచేసి ఇంకేమీ మార్చకండి.

సాంబమూర్తి


పెదరేవు
19 నవంబరు 1946

చిరంజీవి సాంబమూర్తిని మామయ్య దీవించి రాస్తున్నది.

వరండా గాలి గురించి రాశావు. మా వాకిట్లో నిలబడేవాళ్ల గాలి గురించి నేను రాసిన ముక్క మీ అత్తయ్యకు జ్ఞాపకం ఉంది. నీ ఉత్తరం చదివించుకుని వింది. ఆ పూట కొంచెం ఆలస్యంగా అన్నం తింది.

ఇక్కడ కొంప మునిగింది. దీపావళి వెళ్లాక పడవ మీద నూలు బేళ్లు వచ్చాయి. ఎప్పటిలాగే కాలువ వీధికి చీట్లు రాయమని రైటరుకు చెప్పాను. శౌరమ్మ లేచి నిలబడింది. నీళ్లకేమో అనుకున్నాను. "ఆడుతున్న మగ్గాలను బట్టి పంచుదాం బాబుగారూ. మీ అన్నదమ్ముల ఇళ్లల్లో మగ్గాలు ఆడి ఏడాది దాటింది. వాళ్ల నూలు బెజవాడ గవర్నరుపేట షాపుల్లో ఆడుతోంది" అంది.

ఆ సంగతి నాకు తెలుసు. కమిటీలో అందరికీ తెలుసు. కాని తెలిసిన విషయం గట్టిగా అనడం మన సంఘంలో ఎన్నడూ లేదు. సైదులు ఆమె చెప్పిందే న్యాయమన్నాడు. మిగతావాళ్లు నా వంక చూశారు, నేను తల అడ్డంగా ఊపాను. అయినా వాళ్లలో ఇద్దరు చేతులెత్తారు, లెక్క శౌరమ్మ వైపే తేలింది. తరవాత అడిగితే, ఆవిడ అడిగింది గదా అని ఎత్తామన్నారు. ఇన్నాళ్లూ వాళ్లను ఎవరూ అడగలేదట.

నూలు పడమటిపేటకు కూడా వెళ్లింది. మాణిక్యం మూటలు మానేసి తిరిగొచ్చాడు. పొద్దున్నే అటునుంచి మగ్గాల చప్పుడు వినిపిస్తోంది, నిద్ర పట్టడం లేదు. మా అన్నదమ్ములిద్దరూ నన్ను చూసి వీధి మారుతున్నారు.

నేను శౌరమ్మను పిలిచి, ఇదంతా ప్రొఫెసరుగారు వచ్చి వెళ్లేదాకే, ఎందుకు ప్రాణం మీదికి తెచ్చుకుంటావని నెమ్మదిగా చెప్పాను. "అయితే ఆయన్ని వెళ్లనివ్వకండి బాబుగారూ" అని దణ్ణం పెట్టి వెళ్లింది.

ఒక్క శుభవార్త. మీ అత్తయ్య మళ్లీ సంఘం బావికి వెళుతోంది. నా మాట విని కాదు. బావి దగ్గర పేట ఆడవాళ్లు రోజూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారట. గోడ ఇవతలి నుంచి సగం సగం వినిపించి ఉండబట్టలేక బిందె తీసుకుని వెళ్లింది. మొదటి వారం తన చేద తనే పట్టుకెళ్లింది. ఇప్పుడు అది కూడా ఇంట్లోనే ఉంటోంది. ఏం చెప్పుకుని నవ్వుతున్నారని అడిగితే నా గురించేనంది.

మామయ్య


మద్రాసు
15 డిసెంబరు 1946

మామయ్యగారికి నమస్కారాలు.

ఆచార్యులవారు జనవరి మొదటివారంలో బెజవాడ వస్తున్నారు. గవర్నరుపేటలో బస. టైపు ప్రతులు దిద్దే పని ఉందని నన్ను ఇక్కడే ఉండమన్నారు. ఆయనకు తెలుగు రాదు గనక బెజవాడలో తెలిసిన వకీలుగారు ఒకాయన దుబాసిగా వెంట వస్తారు. ఆయన పెదరేవు వచ్చే రోజు మీ సర్వసభ్య సమావేశం పెట్టండి. పాలన సహజంగా ఎలా నడుస్తుందో కళ్లారా చూస్తారట.

ఒక్క మనవి. ఆయనకు గట్టి మాట వింటే తలనొప్పి వస్తుంది. ఊరు ఐకమత్యంగా కనిపిస్తే చాలు. మీ అన్నదమ్ములతో మనస్పర్థ ఎందుకు, వాళ్లను కూడా కలుపుకోండి.

మీరు రాసిన మగ్గాల చప్పుడు గురించి ఆయనకు చెప్పలేదు. చెప్పవలసింది అదేననిపిస్తోంది.

సాంబమూర్తి


పెదరేవు
12 జనవరి 1947

సాంబమూర్తికి కోటిలింగం రాసేది.

మాజీ అధ్యక్షుడు కోటిలింగం అని చదువుకో.

మీ ప్రొఫెసరుగారు వచ్చారు. పట్టు ఉత్తరీయం, చేతిలో గొడుగు. వకీలుగారు వెంట ఉన్నారు. బావి చూపించాను. అన్ని కులాల ఆడవాళ్లూ ఒకే చోట తోడుతుంటే చూసి సంతోషించారు. మీ అత్తయ్యను కూడా చూశారు. ఆవిడ అప్పుడు శౌరమ్మ తోటికోడలితో తగువులో ఉంది, బిందె వంతు దగ్గర. అది కూడా సమానత్వమేనని నేనంటే వకీలుగారు ఇంగ్లీషులోకి మార్చలేదు.

తరవాత మీటింగు. అన్నదమ్ముల్ని కలుపుకోమని నువ్వే గదా రాశావు. సరేనని సభ మొదలుకాగానే, శౌరమ్మ, సైదులు ఇంతకాలం చేసిన సేవకు కృతజ్ఞతలు చెప్పి, వాళ్ల చోట్లలో మా పెదనాన్న కొడుకులిద్దరూ ఏకగ్రీవంగా తిరిగి వస్తున్నారని ప్రకటించాను. చప్పట్లు కొట్టడానికి చేతులు కూడా ఎత్తాను.

శౌరమ్మ లేచి, "ఏకగ్రీవమంటే అందరూ ఒప్పుకోవడం. నేను ఒప్పుకోలేదు. చేతులెత్తించండి" అంది. ఈసారి బాబుగారూ అనలేదు.

పడమటిపేటా, దూదేకులవాళ్లూ ఎలాగూ ఎత్తుతారని తెలుసు. కాలువ వీధి చేతులు కూడా లేచాయి సాంబమూర్తీ. మా అన్నదమ్ముల దగ్గర కూలికి నేసే మనవాళ్లే. వాళ్లకు కూడా ఇన్నేళ్లూ నూలు మిగలలేదట. వాళ్ల గురించి నువ్వూ అడగలేదు, నేనూ రాయలేదు. మనవాళ్లే గదా అనుకున్నాం. వాళ్లలో ఒక ముసలాయన లేచి, పనిలో పనిగా అధ్యక్షుణ్ణి కూడా ఎన్నుకుందామన్నాడు. మా పెదనాన్న పెద్దకొడుకు ఆయన మీదికి వెళ్లాడు. బల్ల ఒకటి విరిగింది. అరుపులు కాలువ అవతలికి వినిపించాయట. అరుపుల మధ్యనే లెక్క తేల్చారు. శౌరమ్మ అధ్యక్షురాలు.

ప్రొఫెసరుగారు ఏం జరుగుతోందని వకీలుగారిని అడుగుతూనే ఉన్నారు. ఆయన ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు. ఏం చెప్పావయ్యా అని నేను తరవాత అడిగాను. "కొట్టుకుంటున్నారని చెప్పాను" అన్నాడు. అంతసేపు జరిగినదానికి అంత చిన్న అనువాదం. ప్రొఫెసరుగారు రెండు చేతులతో తల పట్టుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. అటునుంచి అటే గుమ్మళ్లపాడు వెళ్లారని విన్నాను. అక్కడ మగ్గాలు, ఇళ్లు, వాటి కింద నేల అన్నీ ఒకే ఆసామివి. ఊళ్లో ఏమైనా గొడవలున్నాయా అని అడిగితే ఒక్కరు కూడా నోరు విప్పలేదట.

నేను పడుకుని లేవడం లేదు. మీ అత్తయ్య మిరియాల చారు పెట్టింది. బావి నీళ్లే.

కోటిలింగం


మద్రాసు
16 ఫిబ్రవరి 1947

మామయ్యగారికి,

నా మూలంగానే ఇంత జరిగింది. కలుపుకోండి అంటే మాట కలుపుకోమని. కమిటీలో కలుపుకోమని కాదు.

అధ్యాయం మారిపోయింది. ఇప్పుడు ఆదర్శ గ్రామం గుమ్మళ్లపాడు. "అక్కడ వివిధ కులాలవారు సంపూర్ణ సామరస్యంతో మెలగుతున్నారు, ఆరు గంటల విచారణలో ఒక్క ఫిర్యాదు కూడా వినబడలేదు" అని ఉంది. పెదరేవు పేరు మరో అధ్యాయంలో వస్తుంది. సమానత్వాన్ని తొందరపడి తెస్తే ఎలాంటి అల్లర్లు వస్తాయో చెప్పడానికి ఉదాహరణ.

ధైర్యం తెచ్చుకుని ఉన్నదంతా చెప్పేశాను. మీరు కమిటీని ఎలా వేశారో, శౌరమ్మ నూలు ఎలా పంచిందో, మాణిక్యం ఎందుకు తిరిగొచ్చాడో, ఆ రోజు జరిగింది కొట్లాట కాదు ఎన్నిక అని, వకీలుగారు సరిగా చెప్పలేదని. ఆయన శాంతంగా విన్నారు. "శబ్దానికి అనువాదం అక్కర్లేదు మూర్తీ" అన్నారు.

రెండు అధ్యాయాల మీదా నా పేరు ఉంటుంది. వచ్చేనెల అచ్చుకు వెళుతుంది. పేరు తీయించుకుంటే ఉద్యోగం ఉండదు. అమ్మ ఇప్పుడే అందరికీ నా ఉద్యోగం ఏమిటో సరిగ్గా చెప్పడం నేర్చుకుంది. ఏం చెయ్యమంటారు?

సాంబమూర్తి


పెదరేవు
9 మార్చి 1947

చిరంజీవి సాంబమూర్తికి మామయ్య ఆశీర్వచనాలు.

ఏం చెయ్యమంటారని నన్నడిగావు. కిందటేడు అడిగి ఉంటే ఉత్తరం అందేలోపే సలహా పంపేవాణ్ణి. ఇప్పుడు నేను మామూలు సభ్యుణ్ణి. ఇక్కడ జరిగింది రాస్తాను, నీకు పనికొస్తే ఉంచుకో.

శౌరమ్మ అధ్యక్షురాలై నెల తిరక్కుండానే నూలు గది తాళం తన తమ్ముడికిచ్చింది. ఆ కుర్రాడి వరస నాకు నచ్చలేదు. పేటవాళ్లకు మంచి నూలు, మనకు ముక్కిన నూలు చేరుతోంది. వెళ్లి అడిగాను. "ఇదెక్కడి పద్ధతి శౌరమ్మా?" "మీ దగ్గర చూసి నేర్చుకున్నదే కోటిలింగంగారూ" అంది. ఇంటికొచ్చి మీ అత్తయ్యతో చెబితే అన్నం మానేసి నవ్వింది.

అయినా ఊరుకోలేకపోయాను. మీటింగులో లేచాను. ఇప్పుడు మీటింగు ఎప్పుడో ముందుగా టముకు వేస్తున్నారు, అందువల్ల జనం విపరీతం. "కూర్చోండి, మీ వంతు వస్తుంది" అంది. నా జన్మలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. కూర్చున్నాను. సైదులు మాట్లాడాడు, వాడికి నవారు సంగతి తప్ప ఇంకోటి తెలియదు, చాలాసేపు మాట్లాడాడు. తరవాత ఒక ముసలమ్మ. ఆ తరవాత నా వంతు. చెప్పదలచినవన్నీ మరిచిపోయి, తాళం ఇంటిమనిషి దగ్గర ఉండకూడదని, నా దగ్గర ఉన్నప్పుడు కూడా ఉండకూడదని మాత్రం అన్నాను. చేతులెత్తించారు. నా వైపు ఎక్కువ లేచాయి. పడమటిపేట నుంచి మాణిక్యం చెయ్యి కూడా లేచింది. ఆ పూట వాళ్లింట్లో పొయ్యి వెలిగిందో లేదో తెలియదు.

ఇన్నేళ్లు అధ్యక్షుడిగా ఉన్నాను గదా, ఎప్పుడూ గెలవలేదురా. పోటీ ఉంటే గదా గెలవడానికి. ఇంటికొచ్చేటప్పుడు కాళ్లు తేలిగ్గా ఉన్నాయి.

మర్నాడు శౌరమ్మ తాళం సైదులుకు అప్పగించి, నాతో మాత్రం మాట్లాడటం మానేసింది. బావి దగ్గర మీ అత్తయ్యతో మాట్లాడుతూనే ఉంది.

మామయ్య


మద్రాసు
30 మార్చి 1947

మామయ్యగారికి సాంబమూర్తి నమస్కారాలు.

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆచార్యులవారి గదికి వెళ్లాను. పెదరేవులో జరిగింది జరిగినట్టు వెయ్యాలని, లేకపోతే నా పేరు తీసెయ్యాలని చెప్పాను. నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆయన కణతలు నొక్కుకున్నారు.

నేను ఆ ఊరివాళ్లకు బంధువును గనక నా సాక్ష్యం చెల్లదన్నారు. పోనీ ఊరివాళ్లనే అడగండి అన్నాను. వాళ్లు ఆ ఊరివాళ్లు గనక వాళ్ల సాక్ష్యం కూడా చెల్లదన్నారు. మరి గుమ్మళ్లపాడు వాళ్ల సాక్ష్యం ఎలా చెల్లిందన్నాను. వాళ్లు ఏమీ చెప్పలేదు గదా అన్నారు.

నా పేరు తీసేశారు. ఉద్యోగం కూడా. కోపంతో కాదు, చాలా మర్యాదగా. మంచి యోగ్యతాపత్రం ఇచ్చారు. ఎదురు మాట్లాడడు, అణకువ గలవాడు, ఏ విద్యాసంస్థకైనా శోభ తెస్తాడు అని రాశారు. దాన్ని ఎవరికి చూపించాలో తెలియడం లేదు.

అమ్మకు మీరే నెమ్మదిగా చెప్పాలి. వచ్చేవారం మెయిలుకు బయలుదేరుతున్నాను. బెజవాడలో దిగి మీ దగ్గరికే వస్తాను.

సాంబమూర్తి


పెదరేవు
4 ఏప్రిల్ 1947

చిరంజీవి సాంబమూర్తికి,

ఇది నువ్వు బయలుదేరేలోగా అందాలని రాస్తున్నాను. బందరు వెళ్లి మీ అమ్మకు చెప్పాను. ఏడవలేదు. ఆ కులాలడిగే ఉద్యోగం తనకు మొదటి నుంచీ నచ్చలేదంది.

వచ్చాక ఏం చెయ్యాలని దిగులు పడకు. సంఘంలో పాత రైటరు మానేశాడు. లెక్కలూ ఇంగ్లీషూ వచ్చిన మనిషి కావాలి. దరఖాస్తు పెట్టు. నా మేనల్లుడివని మాత్రం ఎక్కడా అనకు, కొన్ని చేతులు తగ్గుతాయి. నేను కూడా నువ్వు పనికొస్తావో లేదో చూసే ఎత్తుతాను.

ఈ పొద్దున ఒక చిత్రం జరిగింది. పడవ దిగి ఇద్దరు మనుషులు సంఘం వాకిట్లో నిలబడ్డారు. ఎవరంటే ఎంతకీ చెప్పరు. శౌరమ్మ బల్ల చూపిస్తే కూర్చోవడానికే చాలాసేపు తటపటాయించారు. చివరికి తేలిందేమంటే, గుమ్మళ్లపాడు నేతగాళ్లు. ఒకడు మన సాలెవాడు, ఒకడు అక్కడి క్రైస్తవ పేటవాడు. మీ ప్రొఫెసరుగారు వచ్చిన రోజు ఇద్దరూ ఆయన ఎదుట చేతులు కట్టుకుని నిలబడినవాళ్లే. మా మీటింగు అరుపులు ఎవరో పడవవాళ్లు చెబితే విన్నారట. అలాంటిది వాళ్ల ఊళ్లో జరగాలంటే ముందుగా ఏం చెయ్యాలో కనుక్కుని పోదామని వచ్చారు.

నన్ను పిలిపించారు. నాకు చెప్పడానికేముంది? శౌరమ్మే, నాతో మాట్లాడి చాలా రోజులైనా, "కోటిలింగంగారూ, మీరు కూడా కూర్చోండి" అంది. ముందు మీ ఊళ్లో నూలు ఎలా పంచుతారో చెప్పండని ఆ ఇద్దరినీ అడిగింది. మనవాడు ఒక లెక్క చెప్పాడు. పేటవాడు అది కాదన్నాడు. నీకేం తెలుసని వీడు, నీకు అందాక మాకు మిగిలిందెప్పుడని వాడు. ఒక ఊళ్లో పుట్టి, పక్కపక్క పాకల్లో నేస్తూ, ఈ మాట ఒకరితో ఒకరు ఇంతవరకూ అనుకోలేదట. గొంతులు లేచాయి. మీ అత్తయ్య బావి దగ్గర చేద ఆపి చూస్తోంది. నేను సర్దిచెప్పబోతే శౌరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

ఈ ఉత్తరం సంఘం అరుగు మీద కూర్చునే రాస్తున్నాను. అన్నాల వేళ దాటింది. పడవవాడు రేవులోంచి రెండుసార్లు కేకేశాడు. వాళ్లు వినిపించుకోలేదు. లోపల ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

నీ రాకకు ఎదురుచూసే
మామయ్య